మొసలి గుడ్డులో ఆడా మగా: అంచనా వేసే పద్ధతి

సంగారెడ్డి వద్ద మంజీరా అభయారణ్యంలోనో, హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనో మొసళ్లను చూసిన జంతుశాస్త్ర విద్యార్థికి, గుడ్డులో ఉన్నది ఆడో మగో ముందే చెప్పగలమా అన్న ప్రశ్న రావడం సహజం. గూటి ఉష్ణోగ్రతలు చేతిలో ఉంటే చాలావరకు చెప్పవచ్చు గాని, థర్మామీటరు తీయకముందే జాతి ఏదో తేల్చుకోవాలి.

నాగుపాములో లింగాన్ని నిర్ణయించేది క్రోమోజోములే: జెడ్‌జెడ్ అయితే మగ, జెడ్‌డబ్ల్యు అయితే ఆడ. మెత్తని డిప్ప ఉండే తాబేళ్లలోనూ జన్యువులదే నిర్ణయం. వీటి గూళ్లలో ఉష్ణోగ్రత కొలిచి లింగం చెప్పబోవడం వృథా శ్రమ. మొసళ్లకు లింగ క్రోమోజోములు లేవు, గూటి వేడే పిల్ల లింగాన్ని తేలుస్తుంది కనుక అక్కడ ఈ లెక్క పనికివస్తుంది. వేడికీ లింగానికీ ఉన్న ఈ సంబంధాన్ని 1966లో మడలీన్ షార్నియే మొదట వెల్లడించినది మాత్రం మొసలిలో కాదు, ఆఫ్రికా తొండలో.

తర్వాత చూడవలసినది కాలం. పొదుగు కాలాన్ని మూడు భాగాలు చేస్తే, లింగం స్థిరపడేది సుమారుగా నడిమి భాగంలో. మొదటి, చివరి వారాల వేడికి ఈ విషయంలో ప్రాధాన్యం తక్కువ. కొలిచే పరికరాన్ని గుడ్లున్న లోతులోనే ఉంచాలి, ఎందుకంటే మే నెలలో బయట నలభై డిగ్రీలు దాటినా ఇసుక లోపల అంత వేడి ఉండదు, ఒకే గూట్లో పై వరుసకూ అడుగు వరుసకూ కూడా తేడా ఉంటుంది. రోజువారీ సగటును నమ్ముకోవద్దు. వెచ్చని గంటల్లో పిండం వేగంగా పెరుగుతుంది గనుక, సగటు ఒకటే అయినా హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న గూటి ఫలితం వేరుగా ఉండవచ్చు. గంటగంటకూ నమోదు చేయడం అందుకే.

ఇక అంకెలను చదవడం. మన మంచినీటి మొసలి గుడ్లను 28 నుంచి 31 డిగ్రీల స్థిర ఉష్ణోగ్రతలో పొదిగిస్తే ఆడపిల్లలే వస్తాయి, 32.5 దగ్గర మగవి హెచ్చుగా ఉండి, 33 దగ్గర మళ్లీ తగ్గుతాయి. ఆంధ్ర తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లలో చల్లని ఇసుక మగవాటిని, వేడి ఇసుక ఆడవాటిని ఇస్తుంది. ఒక జాతి పట్టికను మరో జాతికి వాడితే అంచనా తలకిందులవుతుంది.

వేడి నిర్ణయిస్తుందంటే జన్యువులకు పని లేదని కాదు. పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలునే తీసుకుంటే, 26 డిగ్రీల వద్ద కేడీఎం6బి అనే జన్యువు చురుకై, మగ వైపు నడిపే డీఎంఆర్‌టీ1 జన్యువును ఆపి ఉంచే రసాయన గుర్తును తొలగిస్తుంది. అప్పటిదాకా ఎటూ తేలని జననగ్రంథి వృషణంగా మారుతుంది. 32 డిగ్రీల వద్ద కేడీఎం6బి మందగిస్తుంది, ఆరోమటేజ్ ఎంజైము టెస్టోస్టిరోన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది, అండాశయం ఏర్పడుతుంది. ఆస్ట్రేలియా గడ్డపు తొండలో రెండు పద్ధతులూ కలిసే ఉన్నాయి: క్రోమోజోముల ప్రకారం మగ కావలసిన జెడ్‌జెడ్ గుడ్డు, 32 డిగ్రీలు దాటిన వేడిలో ఆడపిల్లను ఇవ్వవచ్చు. అటువంటి జాతిలో పిల్ల లింగాన్ని డీఎన్ఏ పరీక్షతో సరిపోల్చాలి. ఆడదై ఉండీ డబ్ల్యు గుర్తు లేకపోతే వేడి మార్చినదన్న మాట.

మొసలి పిల్లలను పరీక్షించే పని శిక్షణ పొందినవారిదే. మొసలి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది కనుక, గూట్లో పరికరం పెట్టడానికైనా అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.