ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటారా, ముందు తంబూరా సంగతి చూడండి

పాట క్లాసులు ఆన్‌లైన్‌లో మొదలుపెడదామనుకునేవాళ్ళు ముందు అడిగేది ఫీజెంత, వారానికి ఎన్ని క్లాసులు అని, నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది శృతి, అంటే పాడేటప్పుడు మనకి ఆధారంగా వెనక తంబూరా మీద ఆగకుండా మోగే స్వరం. నేను చేరిన కొత్తల్లో ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని లాప్‌టాప్‌లో క్లాసుకి కూర్చుంటే మేడం "శృతి పెట్టుకోమ్మా" అంటారు, నేనేమో "పెట్టానండీ" అంటా, మూడు క్లాసులు ఇదే గోల. తీరా చూస్తే వీడియో కాల్ యాప్‌లు ఆగకుండా ఒకేలా మోగే శబ్దాన్ని ఫ్యాను చప్పుడనుకుని తీసేస్తాయంట, మన తంబూరా కూడా అందులో కొట్టుకుపోయింది. జూమ్‌లో అయితే ఆడియో సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. శృతి మాత్రం మీ దగ్గరే మోగాలి, అటు నుంచి వచ్చేది నమ్ముకోవద్దు. శృతి ఎంత ఎత్తులో ఉందో అంకెల్లో చెప్తారు, ఆడవాళ్ళకి సాధారణంగా ఐదు, ఐదున్నర దగ్గర, మగవాళ్ళకి ఒకటి, ఒకటిన్నర దగ్గర కుదురుతుంది, యాప్‌లో ఐదు అంటే జి, ఒకటి అంటే సి.

ఇంకోటి, టీచర్‌తో కలిసి పాడటం ఆన్‌లైన్‌లో అవ్వదు. నెట్ ఎంత బాగున్నా కాస్త లేటుంటుంది, ఇద్దరూ ఒకేసారి ఎత్తుకుంటే ఒకళ్ళది కట్ అయిపోతుంది. వాళ్ళు పాడేటప్పుడు మ్యూట్‌లో ఉండి వినాలి, తర్వాత మనం పాడాలి. తాళం కూడా స్క్రీన్ మీద వాళ్ళ చెయ్యి చూసి వేస్తే గల్లంతే, మన తాళం మనమే వేసుకోవాలి, చెయ్యి కెమెరాలో కనపడేలా కూర్చోవాలి. మన గొంతూ చెయ్యీ దాదాపు ఒకే లేటుతో వెళ్తాయి కాబట్టి ఎక్కడ తప్పామో వాళ్ళకి తెలిసిపోతుంది. వైరున్న ఇయర్‌ఫోన్సే వాడండి, అదీ ఒక చెవికే, రెండో చెవి తంబూరాకి, మన గొంతుకి.

పాఠాలంటారా, సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, ఎవరి దగ్గరైనా ఇంచుమించు ఇదే. వరసలు మాయామాళవగౌళ అనే రాగంలో ఉంటాయి కదా, అందులో రి దాదాపు స కి ఆనుకునే ఉంటుంది, గ మాత్రం దూరం. మనమేమో సినిమా పాటల అలవాటుకి రి ని పైకి లాగేస్తాం. స మీద కాసేపు నిలబడి, అక్కణ్ణించి కొంచెమే జరిగి రి పట్టుకోండి, రోజూ పది నిమిషాలు ఈ రెండు స్వరాలే పాడినా దండగేం కాదు. మూడు కాలాలూ, అంటే ఒకదానికొకటి రెట్టింపు వేగంలో, పాడాలి, మొదటి వరసకి ఎనిమిది దెబ్బల ఆది తాళంలో మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు (తాళం రెండు చుట్లు) పడితే రెండో కాలంలో ఒకటే, మూడో కాలంలో సగంలోనే అయిపోతుంది, అందుకని అక్కడ రెండుసార్లు పాడతాం.

టీచర్‌ని ఎంచుకునేటప్పుడు నా చిట్కా ఒకటి, ట్రయల్ క్లాసులో కావాలనే రి కాస్త పైన పాడండి. ఆపి సరిచేశారా, చేరిపోండి. "వెరీ గుడ్" అని ముందుకెళ్ళిపోయారా, ఇంకోళ్ళని చూసుకోండి. పదిమందినీ మ్యూట్‌లో పెట్టి పాడించే గ్రూప్ క్లాసులంటే నాకసలు నమ్మకం లేదు, ఎవరి తప్పు ఎవరికి వినపడుతుంది చెప్పండి. అడిగి, వాళ్ళు సరేనంటే క్లాసు రికార్డ్ చేసుకోండి, వారం మధ్యలో మీరు పాడింది వాట్సాప్‌లో పంపండి.

అమెరికాలో ఉండేవాళ్ళు ఇంకోటి రాసిపెట్టుకోండి, ఇండియాలో పొద్దున ఆరు గంటల క్లాసు డాలస్‌లో ఎండాకాలం ముందురోజు సాయంత్రం ఏడున్నరకి, నవంబర్‌లో టైము మారాక ఆరున్నరకి. మొదటి ఏడాది మేం పాత టైముకే తీరిగ్గా కూర్చున్నాం, మేడం అప్పటికే గంటసేపు ఎదురుచూసి వెళ్ళిపోయారు.