అమెరికా రక్షణ ఎగుమతి నియమాలు, 4వ పాఠం: డ్రాయింగు గడప దాటితే

ముందు కిందటి పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. ఎఫ్-35 యుద్ధ విమానం కోసమే ప్రత్యేకంగా రూపొందించిన అల్యూమినియం బ్రాకెట్ ఒకటి. మామూలు సైనిక హెలికాప్టర్ కోసం రూపొందించిన అలాంటి బ్రాకెట్ ఇంకొకటి. వాటిని బిగించే సాధారణ రివెట్ మూడవది. ఏది ఏ జాబితాలోకి వస్తుందని అడిగాను.

మొదటిది అమెరికా విదేశాంగ శాఖ నిర్వహించే ఆయుధ జాబితాలోనే, అంటే ఐటార్ (అంతర్జాతీయ ఆయుధ రవాణా నిబంధనలు) కిందే ఉంటుంది. ఆ జాబితా ఎనిమిదవ వర్గంలో ఎఫ్-22, ఎఫ్-35 వంటి కొన్ని విమానాలను పేరుపేరునా చెప్పి, వాటి కోసం ప్రత్యేకంగా రూపొందించిన భాగాలను అక్కడే పట్టి ఉంచారు. రెండవ బ్రాకెట్‌ను ఆ వర్గంలో విడిగా పేర్కొనకపోతే అది వాణిజ్య శాఖ జాబితాలో 9ఏ610 సంఖ్య కిందికి, అందులో ఎక్స్ పేరాలోకి వెళ్తుంది. రివెట్లు, బోల్టులు, వాషర్లు, స్ప్రింగుల వంటివాటిని 'ప్రత్యేకంగా రూపొందించినవి' అన్న నిర్వచనమే మినహాయించింది. కాబట్టి మన రివెట్ ఆ రెంటిలో దేనిలోనూ పడదు. రెండు బ్రాకెట్లనూ బల్ల మీద పక్కపక్కన పెడితే తేడా కనిపించకపోవచ్చు. అందుకే వస్తువును చూసి వర్గం చెప్పే అలవాటు మానుకోమని మొదటి పాఠం నుంచీ పోరుతున్నాను.

ఇక ఈ పాఠంలో వస్తువును పక్కన పెట్టి డ్రాయింగును పట్టుకుందాం. మన షాపుల్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది దీని దగ్గరే.

హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు (మొండెం భాగాలు), సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. ఇలాంటి పెద్ద పనుల వెనుక ఎప్పుడూ చిన్న చిన్న మెషిన్ షాపులు ఉంటాయి. ఒక షాపులో మిల్లింగ్, ఇంకో చోట హీట్ ట్రీట్‌మెంట్, మరో చోట అనోడైజింగ్. పనితో పాటు డ్రాయింగు కూడా చేతులు మారుతూ పోతుంది. ఆ కాగితం కుడివైపు అడుగున టైటిల్ బ్లాక్ ఉంటుంది. భాగం నంబరు, రివిజన్ అక్షరం, లోహం పేరు, టాలరెన్సులు (కొలతల్లో ఎంత తేడా ఉండవచ్చో చెప్పే అంకెలు) అందులో ఉంటాయి. దాని పక్కనే చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక: ఈ పత్రంలోని సాంకేతిక సమాచారం ఎగుమతి అమెరికా చట్ట నియంత్రణలో ఉంది, అనుమతి లేకుండా విదేశీయులకు ఇవ్వరాదు అని. టాలరెన్సులను భూతద్దం పెట్టి చదివే సూపర్‌వైజర్ కూడా ఆ నాలుగు వరుసలను చూడడు. ఈ పాఠం చదివాక మీరు ముందు అక్కడే చూడాలి. 1976 నాటి ఆయుధ ఎగుమతి నియంత్రణ చట్టం పేరు ఉంటే ఐటార్, వాణిజ్య శాఖ నిబంధనల పేరు ఉంటే ఈఏఆర్ అని మొదటి సూచన దొరుకుతుంది. సూచన మాత్రమే సుమా. కొన్ని కంపెనీలు రెండు పేర్లూ కలిపి ఒకే ముద్ర కొడతాయి. అప్పుడు వర్గీకరణ ఏమిటో కొనుగోలుదారును రాతపూర్వకంగా అడగండి.

కొన్నేళ్ల కిందట ఒక షాపులో నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. ప్లేటింగ్ రేటు కనుక్కోవాలి. కుర్రవాడు డ్రాయింగును బల్ల మీద పరిచి, ఫోనుతో ఫొటో తీసి, నలుగురు ప్లేటింగ్ వాళ్లకు పంపేశాడు. ఆర్డరు దక్కింది ఒకరికే. మిగిలిన ముగ్గురి ఫోనుల్లో ఆ డ్రాయింగు ఈనాటికీ ఉండే ఉంటుంది. రేటు చెప్పడానికి వాళ్లకు కావలసింది లోహం రకం, ఉపరితల వైశాల్యం, పూతకు సంబంధించి బహిరంగంగా దొరికే ప్రమాణం నంబరు, ఎన్ని ముక్కలన్న లెక్క. అంతకు మించి ఒక్క గీత కూడా అక్కరలేదు.

"మన దేశంలోనే కదా ఇచ్చాం, ఇది ఎగుమతి ఎలా అవుతుంది?" అని ఆ షాపు యజమాని నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఐటార్‌లో ఎగుమతి, పునరెగుమతి (ఒక విదేశం నుంచి ఇంకో విదేశానికి పంపడం) కాక మూడో మాట ఒకటి ఉంది. దాన్ని మనం పునర్బదిలీ అందాం. ఒకే విదేశంలో వినియోగదారు మారినా, వినియోగం మారినా, కాసేపటికే మూడో వ్యక్తి చేతిలో పెట్టినా అది పునర్బదిలీయే. బాలానగర్ నుంచి జీడిమెట్లకు ఆటోలో వెళ్లే బ్రాకెట్‌కు కూడా ఇది వర్తిస్తుంది. ఈఏఆర్‌లోనూ దేశం లోపలి బదిలీ అన్న భావన ఉంది.

అయితే ఇక్కడే చాలామంది రెండో తప్పు చేస్తారు. భయపడి, బయటి షాపుకు ఏదీ పంపకూడదని తేల్చేసుకుంటారు. పంపవచ్చా లేదా అన్నది మీ డ్రాయింగు ఏ అనుమతి మీద వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఒక దారి, విదేశంలో తయారు చేయించి తిరిగి అమెరికాకే తెప్పించుకునే కొనుగోలు. ఐటార్‌లోని 124.13 సెక్షన్ దీని గురించే. ఈ పద్ధతిలో కొనుగోలు ఆర్డరులోనే కొన్ని షరతులు రాసి ఉండాలి. ఆ సమాచారాన్ని ఆర్డరులోని వస్తువుల తయారీకి మాత్రమే వాడాలి. అదే దేశంలోని ఉప కాంట్రాక్టర్లకు తప్ప మరెవరికీ చూపరాదు. దాని మీద మీకు ఎలాంటి హక్కూ రాదు. ఉప కాంట్రాక్టులోనూ ఇవే షరతులు ఉండాలి. పని పూర్తయ్యాక సమాచారమంతా నాశనం చేయాలి లేదా తిప్పి పంపాలి. తయారైన సరుకు అమెరికాలోని ఆ కొనుగోలుదారుకో, అమెరికా ప్రభుత్వ సంస్థకో మాత్రమే చేరాలి. అంటే ఈ దారిలో వచ్చిన డ్రాయింగును జీడిమెట్ల ప్లేటింగ్ షాపుకు ఇవ్వవచ్చు. కానీ ఆ షాపుకు మీరిచ్చే జాబ్ వర్క్ ఆర్డరులో ఆ షరతులన్నీ ఉండాలి. ఫొటో వెళ్లిన నాటికి ఆ నలుగురితోనూ అలాంటి కాగితం లేదు.

రెండో దారి, తయారీ లైసెన్సు ఒప్పందం లేదా సాంకేతిక సహాయ ఒప్పందం. ఇందులో విదేశాంగ శాఖ ఆమోదించినది ఒప్పందంలో పేర్కొన్న పక్షాలకే. ఉప లైసెన్సుదారులకూ ఆమోదం ఉండాలి. ఆమోదం లేని ప్లేటింగ్ షాపుకు డ్రాయింగు వెళ్లరాదు, భాగమూ వెళ్లరాదు. కావాలంటే అమెరికా పక్షం ద్వారా ముందే సవరణ కోరాలి.

కాబట్టి ఆర్డరు చేతికి రాగానే అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఏ అనుమతి కింద పంపుతున్నారు, అందులోని షరతుల నకలు ఇస్తారా?" కొనుగోలుదారు విసుక్కున్నా అడగండి. అనుమతి వాళ్లు తెచ్చుకున్నా, షరతు మీరితే విదేశీ కంపెనీ మీదా చర్య ఉంటుంది.

పని పూర్తయ్యాక నాశనం చేయాలన్నప్పుడు కాగితం చింపేస్తే సరిపోదు. సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) యంత్రం మెమరీలో ప్రోగ్రాం ఉంటుంది. పెన్‌డ్రైవులో క్యాడ్ మోడల్ (భాగానికి కంప్యూటరులో గీసిన నమూనా) ఉంటుంది. తనిఖీ గదిలో కొలతల నివేదిక ఉంటుంది. తుక్కు డబ్బా కూడా చూడండి. రిజెక్ట్ అయిన ముక్కకు ఆకారాన్ని బట్టి గుర్తుపట్టగల రూపం వచ్చేసి ఉంటే అది ఇంకా నియంత్రణలో ఉన్న వస్తువే. కోసి ముక్కలు చేయకుండా పాత ఇనుము వాళ్లకు అమ్మరాదు.

చూపించడం కూడా ఇవ్వడమే. మన తెలుగు కుటుంబాలకు దగ్గరి ఉదాహరణ: డాలస్‌లో హెచ్-1బీ వీసా మీద పనిచేసే భారతీయ ఇంజనీరుకు అక్కడి ఆఫీసులోనే ఐటార్ డ్రాయింగు చూపితే అది భారతదేశానికి ఎగుమతి చేసినట్లే లెక్క. గ్రీన్ కార్డు వచ్చాక అదే ఇంజనీరు అమెరికా వ్యక్తి కిందికి వస్తారు. మన షాపులో వేరే దేశపు పౌరులు ఉన్నా ఈ ప్రశ్న వస్తుంది. ఈఏఆర్ చివరిగా పొందిన పౌరసత్వాన్ని లేదా శాశ్వత నివాసాన్ని చూస్తుంది. ఐటార్ అయితే ఇప్పుడున్నవీ, గతంలో ఉన్నవీ పౌరసత్వాలన్నింటినీ, ఇప్పుడున్న శాశ్వత నివాసాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది.

పొరపాటు జరిగిపోతే దాచకండి. పంపినవారి జాబితా, తేదీలు రాసి పెట్టి, వ్యాప్తిని ఆపి, వెంటనే కొనుగోలుదారుకు తెలియజేయండి. స్వచ్ఛందంగా వెల్లడించే మార్గం ఐటార్ 127.12 సెక్షన్‌లో ఉంది, దాన్ని శిక్ష తగ్గించే అంశంగా పరిగణిస్తారు. చైనా వంటి నిషిద్ధ దేశాలకు చేరితే మాత్రం వెల్లడించడం తప్పనిసరి. ఆ షాపు యజమాని అదే రోజు సాయంత్రం ఉత్తరం రాశారు. రాయడానికి ఆయన చేయి వణకడం చూశాను, అయినా రాశారు.

మన వైపు నుంచి సరుకు బయటికి వెళ్లడానికి కావలసిన స్కోమెట్ (భారత ప్రభుత్వ ఎగుమతి నియంత్రణ జాబితా) అనుమతి వచ్చే పాఠంలో వస్తుంది. అందాకా ఈ లెక్క చేయండి.

124.13 పద్ధతిలో వచ్చిన ఐటార్ ఆర్డరు మీద పని నడుస్తోంది. యంత్రం మొరాయించింది. దాన్ని అమ్మిన సంస్థ తరఫున తైవాన్ పౌరుడైన టెక్నీషియన్ వచ్చాడు. తెర మీద బ్రాకెట్ మోడల్ తెరిచే ఉంది. ఆయన లోపాల నమోదు కోసం యంత్రం మెమరీ మొత్తాన్ని తన లాప్‌టాప్‌లోకి తీసుకుంటానన్నాడు. పక్కన ట్రేలో సగం చెక్కిన ముక్కలు మూడు ఉన్నాయి. ఆయన తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టే ముందు మీరు ఏమేం చేయాలి? ఒక్కొక్క దానికీ కారణం రాయండి.