ఎయిర్‌బాక్స్ గొట్టం తీశాక జెట్ సెట్ చేసుకున్న తీరు

నాది 150 సీసీ కార్బురేటర్ బండి (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపేది కార్బురేటరే). ఫుల్ థ్రాటిల్‌లో ఊపిరాడనట్టు ఉండేది. ఫిల్టర్ కొత్తదే, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదిలే సన్నని సందు) కూడా సరిగ్గానే ఉంది. గాలి ఎక్కువ రావాలని ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ ఉండే పెట్టె) మూతి దగ్గరున్న రబ్బరు గొట్టం తీసేశాను. పేపర్ ఫిల్టర్‌ని మాత్రం కదపలేదు. ఎయిర్‌బాక్స్ తీసేసి నేరుగా కార్బురేటర్‌కి బిగించే కోన్ ఫిల్టర్ నాకు నచ్చదు: ఇంజిన్ పక్కనున్న వేడిగాలినే పీలుస్తుంది, ఇక మన రోడ్ల దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.

గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి మరీ ఎక్కువైతే ఇంజిన్ కాగిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో లాగి, క్లచ్ పట్టి, కిల్ స్విచ్ నొక్కి, బండి ఆపి స్పార్క్ ప్లగ్ విప్పితే దాని కొన దగ్గరి పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, అంటే పెట్రోలు చాలట్లేదు. మెయిన్ జెట్ (ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు వచ్చే, కార్బురేటర్‌లోని చిన్న రంధ్రమున్న ముక్క) ఒక సైజు పెంచినా పాలిపోయే ఉంది. ఇంకో సైజు పెంచాక లేత గోధుమరంగు వచ్చింది, పాళ్లు కుదిరాయన్నమాట. ఇప్పుడు బండి సాఫీగా లాగుతోంది. వానాకాలంలో మాత్రం గొట్టం, పాత జెట్ మళ్లీ బిగిస్తాను, లేకపోతే ఫిల్టర్ తడుస్తుంది.