పాత హ్యాండ్ ల్యాంప్‌కు ఎల్‌ఈడీ బల్బు ఎలా అమర్చుకోవాలి?

బెంగళూరులో రామమూర్తినగర్‌లోని మా ఇంటి కింద, ఒక సాయంత్రం ముసురులో తడిసి వచ్చిన కారు బానెట్ ఎత్తి, దాని అంచుకు హ్యాండ్ ల్యాంప్ (పిడి, బల్బు చుట్టూ జాలీ, కొక్కెం, పొడవాటి వైరు ఉన్న చేతి దీపం) తగిలించి బ్యాటరీ టెర్మినల్ బిగిస్తున్నాను. పైనుంచి జారిన ఒక్క నీటిబొట్టు 100 వాట్ల బల్బు మీద పడగానే అది టప్పున పగిలి, గాజు పెంకులు ఇంజిన్ సందుల్లోకి జారిపోయాయి. వాటిని ఏరడానికి గంటకు పైగా పట్టింది. ఫిలమెంట్ బల్బు తీసుకునే విద్యుత్తులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది కనుక, నీటిబొట్టు పడితే దాని గాజు నిలవదు; ల్యాంపు చేయి జారి కింద పడినా అంతే. ఎల్‌ఈడీ బల్బుకు మారితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అయితే బల్బు తిప్పి పెట్టడం నిమిషం పని. దాన్ని పెట్టబోయే ల్యాంపు ఎలా ఉందో చూసుకోవడానికే ఎక్కువ సమయం కావాలి.

మొదట ప్లగ్గును సాకెట్ నుంచి పూర్తిగా ఊడదీయాలి; స్విచ్ ఆపితే చాలదు. తరువాత వైరును ఒక చివర నుంచి మరొక చివర వరకు వేళ్ల మధ్య జరుపుతూ తడిమి చూడాలి. పిడిలోకి దూరేచోట, ప్లగ్గు దగ్గర వంగేచోట పగుళ్లు ముందుగా వస్తాయి. గ్రీజు, ఆయిల్ తగిలి గట్టిపడిన వైరును, మధ్యలో టేపు చుట్టి అతుకులు వేసిన వైరును దయ చూపకుండా తీసివేసి, 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు వేసుకోవడం మంచిది. మూడో కోరు ఎర్తు కోసం. జాలీ ఇనుముదై, దానికి ఎర్తు స్క్రూ ఉంటే అక్కడ తప్పక బిగించాలి.

పిడి విప్పినప్పుడు హోల్డర్‌ను కూడా పరీక్షించాలి. లోపలి రెండు పిన్నులను అగ్గిపుల్లతో ఒక్కొక్కటిగా నొక్కి వదిలితే చటుక్కున పైకి రావాలి. ఏళ్ల తరబడి వేడికి స్ప్రింగు చచ్చి పిన్ను లోపలే ఉండిపోతే, లేదా బేకలైట్ నల్లబడి బీటలు వారితే, హోల్డర్ మార్చవలసిందే. వదులుగా ఉన్న పిన్ను దగ్గర నిప్పురవ్వలు లేచి, ఎల్‌ఈడీ బల్బులోని డ్రైవర్ సర్క్యూట్ (మెయిన్సు కరెంటును ఎల్‌ఈడీలకు తగినట్టు మార్చే భాగం) తొందరగా పాడవుతుంది.

స్విచ్ ఉన్న హ్యాండ్ ల్యాంపుల్లో అది ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీదే ఉందో లేదో, తీగ కలిసి ఉంటే బీప్ వినిపించే కంటిన్యుయిటీ దగ్గర పెట్టిన మల్టీమీటర్‌తో తేల్చుకోవాలి. ప్లగ్గు సాకెట్‌లో లేనప్పుడు, హోల్డర్‌లో బల్బు లేకుండా, స్విచ్ ఆపి, ప్లగ్గులో ‘ఎల్’ (ఫేజు) గుర్తున్న పిన్నుకు, హోల్డర్‌లోని ఏ పిన్నుకూ మధ్య బీప్ రాకూడదు; ‘ఎన్’ (న్యూట్రల్) పిన్నుకు, హోల్డర్‌లోని ఒక పిన్నుకు మధ్య రావాలి. ఇది తారుమారైతే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ఫిలమెంట్ బల్బు ఆ సంగతిని దాచిపెడుతుంది గాని, ఎల్‌ఈడీ బల్బు ఆపిన తరువాత కూడా మినుకుమినుకుమంటూ చాలాసార్లు బయటపెడుతుంది. రెండు పిన్నుల ప్లగ్గును ఎటు తిప్పైనా గుచ్చవచ్చు కాబట్టి, దానికి బదులు మూడు పిన్నుల ప్లగ్గు బిగించాలి.

ఇక బల్బు ఎంపిక. మన హ్యాండ్ ల్యాంపుల్లో ఎక్కువగా పిన్ను హోల్డరే, అంటే బీ22 ఉంటుంది. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చే వెలుగుకు 8 లేదా 9 వాట్ల ఎల్‌ఈడీ, 100 వాట్ల వెలుగుకు 12 నుంచి 14 వాట్లది సరిపోతుంది. ముఖానికి మూరెడు దూరంలో పెట్టుకునే దీపానికి 9 వాట్లు మించితే కళ్లు చెదురుతాయని నా అభిప్రాయం.

చాలామంది చూసుకోనిది వెలుగు పోయే దిక్కు. ఫిలమెంట్ బల్బు అన్ని వైపులా వెలుగునిస్తుంది. ఇంటి ఎల్‌ఈడీ బల్బు సగం దాకా ప్లాస్టిక్ ఒళ్లు కావడంతో, ఎక్కువ వెలుగు దాని నెత్తి వైపే పోతుంది. సీలింగు కింద అది మంచిదే. కొక్కేనికి వేలాడే హ్యాండ్ ల్యాంపులో మాత్రం పక్కనున్న బోల్టును వదిలి, నెత్తి ఎటుంటే అటే వెలిగిస్తుంది. బెంగళూరులో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్‌.పి. రోడ్‌లో కొనేటప్పుడు దుకాణదారు బల్బు వెలిగించి చూపిస్తాడు కదా, అప్పుడే దాన్ని గోడకు సమాంతరంగా అడ్డంగా పట్టించి, గోడ మీద వెలుగు ఎంత పడుతోందో చూడాలి. మొక్కజొన్న కంకిలా చుట్టూ ఎల్‌ఈడీలున్న బల్బు ఈ పనికి బాగా నప్పుతుంది; కాకపోతే పైన మూత లేని రకాల్లో వేలు తగిలేచోటే కరెంటు ఉండవచ్చు కనుక, పూర్తిగా ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే తీసుకోవాలి.

ఆ దుకాణంలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “మెయిన్సుకా సార్, బ్యాటరీకా?” అని. అడగడం మంచిదే అయింది, ఎందుకంటే 12 వోల్టుల బల్బులు కూడా ఇదే పిన్ను మూతితో వస్తాయి. వాటిని 230 వోల్టుల హోల్డర్‌లో పెడితే క్షణంలో మాడిపోతాయి. బల్బు ఒంటి మీద రాసిన వోల్టేజీని, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్రను చదివాకే డబ్బులివ్వాలి.

రంగు విషయంలో నీలిఛాయ ఉన్న 6500 కెల్విన్ తెలుపు కన్నా, కాస్త మెత్తని 4000 కెల్విన్ తెలుపు నాకు నచ్చుతుంది. కారిన చుక్క ఇంజిన్ ఆయిలా, ఎర్రటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలా, పచ్చటి కూలెంటా అని గుర్తుపట్టాలంటే, కలర్ రెండరింగ్ సూచిక (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, వందకు లెక్కించే అంకె) 80 కన్నా తక్కువ కాకూడదు.

బల్బు పెట్టాక జాలీకి తగలకుండా చుట్టూ కొంత ఖాళీ ఉందేమో చూసి మూయాలి. జాలీ లోపల గాజు బుడ్డి కూడా ఉన్న రకమైతే, మూసిన ల్యాంపులో వాడవచ్చని పెట్టె మీద రాసి ఉన్న బల్బునే, అదీ తక్కువ వాట్లదే వాడాలి. గాలి ఆడక డ్రైవర్ వేడెక్కితే బల్బు ఆయుష్షు తగ్గిపోతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) రక్షణ ఉన్న సాకెట్‌కు కలిపి, అరగంట వెలిగించి, ఆపి, ప్లగ్గు తీసి పిడిని, హోల్డర్‌ను ఎక్కువ వేడెక్కాయేమో తాకి చూడాలి. మొబైల్ కెమెరాలో వెలుగు చారలు చారలుగా దట్టంగా కనిపిస్తే ఆ బల్బును తిరిగి ఇచ్చేయడం మేలు. మినుకుతనం ఉన్న వెలుగులో, తిరుగుతున్న ఫ్యాను ఆగినట్టు భ్రమ కలగవచ్చు.

చల్లని బల్బు పెట్టినంత మాత్రాన, పెట్రోలు ఆవిరి ఉన్నచోట ఈ ల్యాంపు వాడకూడదు. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి కారు కింద దిగి పని చేసే గుంతలో, నేల మీద పేరుకుంటుంది. స్విచ్‌లో లేచే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. ఫ్యూయల్ పైపు విప్పే పనికి ఫ్లేమ్‌ప్రూఫ్ ల్యాంపు (లోపలి నిప్పు బయటి ఆవిరిని అంటించకుండా మూసినది), తడి గుంతలో పనికి 24 వోల్టులది వాడాలి. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది గనుక, ల్యాంపు తగిలించే ముందు వైరు సైలెన్సర్ మీద పడకుండా పక్కకు కట్టుకోవాలి.