కారు పెయింటుకు ఇంట్లోనే, చేత్తోనే మెరుపు తేవడం ఎలా?

ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బానెట్ వైపు ఒకసారి చూడండి. సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తే రంగు పాడైందని పెయింటింగ్ షాపుకు పరుగెత్తకండి. రంగు చాలావరకు బాగానే ఉంటుంది. గీతలు పడేది దాని పైనున్న పారదర్శకమైన పొర మీద. దానినే క్లియర్ కోట్ అంటారు.

ఈ గీతలు చాలావరకు మనం తెచ్చిపెట్టుకున్నవే. విజయవాడ అపార్టుమెంట్లలో తెల్లవారగానే ఒకే బక్కెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడిపిస్తాం. మొదటి కారు మీది ఇసుక పదో కారు మీద గీతలు గీస్తుంది. ఇబ్రహీంపట్నం వైపు ఉండేవారికి థర్మల్ కేంద్రపు బూడిద బాధ కూడా ఉంటుంది. చేతికి మెత్తగా తగిలినా అది పెయింటును గీరుతుంది. దసరాకు వాహన పూజ చేయించి, బానెట్ మీది పసుపు కుంకుమలను మరునాడు పొడి గుడ్డతో రుద్దేవారిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ముందు నీళ్లు పోసి జారిపోనివ్వాలి, ఆ తరువాతే గుడ్డ పెట్టాలి.

ఈ పనికి సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు ఉదయం పూట సరైన సమయం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి ఎండల్లో రేకు మీద ఏ మందు వేసినా క్షణాల్లో ఎండి అట్టకడుతుంది. బండి నీడలో ఉండాలి, అరచేయి ఆనిస్తే రేకు చల్లగా తగలాలి.

కావలసినవి: రెండు బక్కెట్లు, కారు షాంపూ, అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక క్లే బార్ (పెయింటుకు అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద), నాలుగు స్పాంజి అప్లికేటర్లు, మాస్కింగ్ టేపు, మధ్యస్థ రకం రబ్బింగ్ కాంపౌండ్ (పెయింటు పైపొరను అరగదీసే మందు), ఫినిషింగ్ పాలిష్, వ్యాక్సు. ఆటోనగర్‌లో అన్నీ దొరుకుతాయి. అక్కడ గరుకు రకం కాంపౌండ్ త్వరగా పని చేస్తుందని చెబుతారు, తీసుకోకండి.

కడగడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక బక్కెట్టులో షాంపూ నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించడానికి మంచి నీళ్లు ఉంచుకుని, పైనుంచి కిందికి కడగండి. బోరు నీళ్లయితే ఆరకముందే తుడవాలి, లేకపోతే తెల్లటి మరకలు నిలిచిపోతాయి. అప్పటికే పడిన మరకలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అద్ది, నిమిషం ఆగి కడిగేయండి.

తరువాత పాలిథిన్ కవరు తొడుక్కున్న చేత్తో పెయింటును నిమరండి. గరుకుగా తగిలితే షాంపూ నీళ్లు చల్లి క్లే బార్‌ను ఒత్తకుండా జరపండి. నునుపు వచ్చేదాకా అదే పని. క్లే నేల మీద పడితే కడిగి వాడదామని చూడకండి, పారేయాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. కాంపౌండ్ పట్టించడం దగ్గరే పది మందిలో తొమ్మిది మంది బండిని పాడు చేసుకుంటారు. కాంపౌండ్ గీతలను పూడుస్తుందని వాళ్ల నమ్మకం. అది పూడ్చదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత అడుగు మట్టానికి అరగదీస్తుంది. ఆ పొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు. మనం జిరాక్సుకు వాడే కాగితం మందం 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే మీ చేతి కింద ఉన్న పొర ఆ కాగితంలో సగం మందమే. ఎండను తట్టుకునే రసాయనాలు ఉండేది కూడా ఆ పొరలోనే. ఒకసారి పూర్తిగా అరిగిందంటే మళ్లీ పెయింటు వేయించడం తప్ప దారి లేదు.

అందుకే ముందు గోటితో పరీక్షించండి. గీతకు అడ్డంగా గోరు జరిపితే పట్టుకుంటోందా? అయితే అది కాంపౌండ్‌తో పోయేంత గీత కాదు. దాని పదును కొంచెం తగ్గించి వదిలేయండి. గీతతో బండి పదేళ్లు నడుస్తుంది, పొర లేకుండా పదేళ్లు బాగుండదు. పొర ఇప్పటికే తెల్లగా పెచ్చులు లేస్తుంటే ఈ పని మొదలుపెట్టనే వద్దు. కొత్తగా పెయింటు వేయించిన భాగాన్ని కనీసం నెల రోజులు ముట్టుకోకండి.

తరువాత టేపు. డోరు అంచులు, బానెట్ మీద పైకి లేచిన గీరలు, మడ్‌గార్డు మలుపులు, వీటన్నిటి మీద పెయింటు పలచగా ఉంటుంది, చేతి ఒత్తిడంతా అక్కడే పడుతుంది. కాబట్టి వాటన్నిటికీ మాస్కింగ్ టేపు అంటించండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకూ, రబ్బరు బీడింగ్‌కూ అంతే. వాటికి కాంపౌండ్ అంటితే తెల్లబడి ఒక పట్టాన వదలదు.

ఇక పట్టించే పద్ధతి. అడుగున్నర చదరం మాత్రమే తీసుకోండి, అదీ ముందు ఎవరికీ కనిపించని కింది మూలలో. తడిపి పిండిన స్పాంజి మీద శనగగింజంత కాంపౌండ్ చాలు. ముందుకూ వెనక్కూ తిన్నగా రుద్దండి, తరువాత దానికి అడ్డంగా. గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రంగా తిప్పిన చేతి జాడ ఏ వైపు ఎండ పడినా కనిపిస్తుంది, తిన్నగా రుద్దినది ఒక్క వైపు నుంచే కనిపిస్తుంది. పిల్లల ఒంటికి నలుగు పెట్టేటంత ఒత్తిడి చాలు. పలచటి తెర మిగిలేదాకా రుద్ది, ఎండిపోకముందే శుభ్రమైన మైక్రోఫైబర్‌తో తుడిచి, ఫోన్ లైటు పక్కనుంచి వేసి చూడండి. మందులోని నూనె గీతలను కప్పేసి మురిపిస్తుంది. కాబట్టి షాంపూ నీళ్లతో ఒకసారి కడిగి తుడిచాకే నిర్ణయానికి రండి.

ఒక్కో చోట రెండు విడతలు, అంతే. మూడో విడత లేదు. సగం గీతలు మిగిలినా సరే, పాలిష్‌కు వెళ్లిపోండి. మధ్యలో గుడ్డ మీద కారు రంగు కనిపిస్తే వెంటనే ఆపండి. క్లియర్ కోట్ ఉన్న బండిలో రంగు అంటిందంటే పొర దాటిపోయినట్టే. పాత బండ్లలో కొన్నిటికి క్లియర్ కోట్ లేకుండా సాదా రంగే వేసేవారు, వాటికి రంగు అంటడం మామూలే. మీ బండి ఏ రకమో మూల చోట రుద్దినప్పుడే తెలుస్తుంది. అందుకే మూలలో మొదలుపెట్టమన్నాను.

మిషన్ వాడితే గంటలో అయిపోతుంది కదా అని అడుగుతారు. అవుతుంది, పొర కూడా గంటలోనే పోతుంది. కొన్నేళ్ల క్రితం మా బండిని ఒక షాపులో ఇచ్చాను. ఒకే చోట గిరగిరా తిరిగే మిషన్‌తో, ఉన్ని ప్యాడ్‌తో మెరిపించి ఇచ్చారు. ఇంటికి వచ్చి చూస్తే వెనుక డోరు అంచు పొడవునా బొటనవేలంత వెడల్పున రంగు కింద వేసే బూడిద రంగు ప్రైమర్ పొర బయటపడింది. బానెట్ మీద ఎండ పడితే మెలికలు తిరిగిన మెరుపు చారలు. పని తెలిసినవారి చేతిలో ఊగుతూ తిరిగే మిషన్ మంచిదే, కాదనను. కానీ ఇంట్లో ఏడాదికి ఒకసారి చేసుకునేవారికి చేతికి మించిన సాధనం లేదు. వేడెక్కితే చేతికి తెలుస్తుంది, అలసిపోతే ఆగుతుంది. మిషన్‌కు ఆ రెండూ తెలియవు. రోజుకు ఒక్క భాగం చేయండి, ఒక రోజు బానెట్, మరో రోజు ఒక డోరు. పది, పన్నెండు ఉదయాల్లో బండి మొత్తం అవుతుంది.

టూత్‌పేస్టు పూసేవారికీ, కిరసనాయిలుతో తుడిచేవారికీ ఒక మాట. పేస్టు కూడా అరగదీసేదే, ఎంత గరుకో చూసుకునే వీలు లేదు. కిరసనాయిలు మెరుపు జిడ్డు వల్ల వచ్చేది, సాయంత్రానికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ఫినిషింగ్ పాలిష్‌ను కొత్త స్పాంజితో ఇదే పద్ధతిలో ఒక్క విడత పట్టించండి. వ్యాక్సు పలచగా పూసి, వేలితో గీస్తే శుభ్రంగా వచ్చేదాకా ఆగి, మడత మార్చిన గుడ్డతో తుడవండి. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉండదు, తుడవడమే కష్టమవుతుంది. మన ఎండలకు మూడు నెలలకు ఒకసారి వ్యాక్సు మళ్లీ వేసుకోవాలి. కాంపౌండ్ జోలికి మాత్రం రెండేళ్ల దాకా పోవద్దు.

టేపు తీసేశాక సందుల్లో, నంబరు ప్లేటు చుట్టూ తెల్లటి పొడి మిగులుతుంది. మెత్తటి పాత బ్రష్షును తడిపి ఆ రోజే తీసేయండి, ఎండిపోతే మరునాడు గోకాల్సి వస్తుంది.