వాగు నీళ్లు టెస్టుకి పంపుతున్నారా?

గుండ్లకమ్మలోనో మన్నేరులోనో నీళ్లు పట్టి ల్యాబుకి ఇచ్చేవాళ్లకి ఒక మాట. ఒడ్డున కూర్చుని చేతికందిన చోట ముంచకండి, అక్కడ నీళ్లు పారవు, నాచూ నురగే వస్తాయి. దిగువ నుంచి నడుచుకుంటూ పారే చోటికి వెళ్లి, పారుదలకి ఎదురుగా నిలబడి, సీసాను బోర్లించి జానెడు లోతుకి దించాక మూతిని ఎగువకి తిప్పండి, అప్పుడు మీ కాళ్లు రేపిన బురద సీసాలోకి రాదు. మోకాలు దాటి పారుతుంటే దిగొద్దు, వంతెన మీంచి తాడు కట్టి బకెట్ వేయండి.

ఫ్లోరైడు, లవణాల టెస్టుకైతే అదే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి అంచుదాకా నింపాలి. బ్యాక్టీరియా టెస్టుకి మాత్రం పూర్తిగా రివర్సు: ల్యాబు ఇచ్చిన స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) సీసాను అస్సలు కడగకూడదు, మూత లోపల వేలు తగలకూడదు, పైన అంగుళం ఖాళీ ఉంచాలి. వెంటనే ఐసులో పెట్టి అదే రోజు ఇచ్చేయండి. నేను మొదటిసారి కూల్‌డ్రింక్ సీసాలో పట్టి, మే ఎండలో బండి డిక్కీలో ఒంగోలు దాకా మోసుకెళ్లాను, వాళ్లు చూసి నవ్వి పారబోశారు.

వేడి, పీహెచ్ (నీళ్లలో ఆమ్లగుణమా క్షారగుణమా అని చెప్పే కొలత) అక్కడికక్కడే చూసుకోవాలి. చోటు, తేదీ, టైము, ముందురోజు వాన పడిందా లేదా అన్నది నీళ్లు పట్టకముందే సీసా మీద రాసేయండి, తడిస్తే పెన్ను పడదు.