బౌద్ధ గ్రంథాలను గృహస్థులు చదువుకునే పద్ధతి

గుంటూరు, విజయవాడ వాసులు బౌద్ధాన్ని చదవాలనుకున్నప్పుడు మొదట ఆచార్య నాగార్జునుడి పుస్తకాల కోసం వెతకడం సహజమే. అయితే దేనికీ స్వతంత్రమైన ఉనికి లేదనే ఆయన శూన్యవాదంతో చదువు మొదలుపెట్టినవారిలో చాలామంది నాలుగు పేజీలు తిరగకముందే పుస్తకాన్ని అటకెక్కిస్తారు. నాగార్జునుడినే చదవాలన్న పట్టుదల ఉంటే, ఆయన ఒక శాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెప్పే ‘సుహృల్లేఖ’ నయం. ఈ లేఖను మన దేశంలో విద్యార్థులు చదువు తొలి దశలోనే నేర్చుకునేవారని 7వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్ రాశాడు. నిత్యజీవితానికి పనికొచ్చే పాఠాలే కావాలనుకునేవారికి మాత్రం, బుద్ధుడు సంసారులతోనూ చిన్నపిల్లలతోనూ మాట్లాడిన సుత్తాలు, అంటే పాళీ భాషలోని ఆయన బోధలు, అన్నిటికన్నా అనువైనవని నా అభిప్రాయం.

చదవవలసిన భాగం చిన్నదిగా ఉండాలి. బుద్ధుడి బోధలను పద్యాలుగా కూర్చిన ధమ్మపదంలో 26 వర్గాలు (అధ్యాయాలు), 423 గాథలు (పద్యాలు) ఉన్నాయి. రోజుకు ఒక గాథ చాలు. సుత్తమైతే ఒక పేజీ మించనవసరం లేదు. పైకి వినిపించేలా చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రెండు మూడు వాక్యాలుగా రాసుకోవాలి. ఆ రెండు వాక్యాలు రాయడం కుదరకపోతే మరునాడు కూడా అదే భాగాన్ని చదవాలి తప్ప ముందుకు పోకూడదు. సుత్తాల్లో ఒకే మాట పదేపదే రావడం కొత్తవారికి విసుగు పుట్టిస్తుంది. ఇవి శతాబ్దాల పాటు నోటి నుంచి నోటికి సాగిన బోధలు కాబట్టి అలా ఉన్నాయి. ఆ పునరుక్తిని దాటవేయకుండా చదవడం వల్ల ఎంత మేలుందో మజ్ఝిమ నికాయం అనే సుత్తాల సంకలనంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తం చదివితే తెలుస్తుంది.

అందులో బుద్ధుడు తన కుమారుడు రాహులుడికి కాళ్లు కడుక్కునే పాత్రలో మిగిలిన కొద్దిపాటి నీళ్లు చూపించి, తెలిసీ అబద్ధమాడటానికి సిగ్గుపడనివారి శ్రమణత్వం (సన్యాస జీవితం) అంతే కొద్దిపాటిదని చెబుతాడు. తర్వాత ఆ నీళ్లు పారబోసి, పాత్రను బోర్లించి, ఖాళీ పాత్రను చూపిస్తాడు. ఆపైన అద్దం ఎందుకని అడిగి, ‘చూసుకోవడానికి’ అని రాహులుడు జవాబిస్తే, శరీరంతో, మాటతో, మనసుతో చేసే ప్రతి పనినీ అలాగే చేయడానికి ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత చూసుకోవాలని బోధిస్తాడు. ఇది నాకు గాని, ఇతరులకు గాని, ఇద్దరికీ గాని బాధ కలిగిస్తుందా అన్నదే ప్రతిసారీ వేసుకోవలసిన ప్రశ్న. మూడు విధాల పనులు, మూడు వేళలు కలిసి తొమ్మిది సందర్భాలవుతాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు బైరాట్ శాసనంలో భిక్షువులతో పాటు గృహస్థులైన స్త్రీపురుషులు కూడా తరచుగా విని మననం చేయాలని పేర్కొన్న ఏడు బోధల్లో, అసత్యం గురించి రాహులుడికి చేసిన బోధ ఒకటి.

ఈ ప్రశ్నను నిజమైన పనికి ఎలా ముడిపెట్టాలో చూద్దాం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా ఉన్నాడనుకుందాం. రాత్రంతా లారీలో ప్రయాణించి వచ్చిన రైతు, తన టిక్కీలకు (మిర్చి బస్తాలకు) పక్క కొట్టు కన్నా ధర ఎందుకు తగ్గిందని రెండోసారి అడిగాడు. ‘తేమ ఎక్కువుందని చెప్పాను కదయ్యా’ అని గుమస్తా విసుక్కున్నాడు. నిజానికి అతను కాయను చేత్తో ముట్టుకొని కూడా చూడలేదు. ఆ రాత్రి అతను నోటుపుస్తకంలో ‘కోపం తగ్గించుకోవాలి’ అని రాసుకుంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు. తాను అన్న మాటను అన్నది అన్నట్లుగా రాసుకొని, దాని ఫలితాన్ని వెతకాలి. ఆ మాట నమ్మిన రైతు మిగిలిన పంటను అవసరం లేకపోయినా కల్లంలో ఇంకో మూడు రోజులు ఆరబెడతాడు, కూలి ఖర్చు పెరుగుతుంది, ఈలోగా ధర పడిపోయే ప్రమాదమూ ఉంది. విసుగుగా మొదలైన విషయం అసత్యంగా తేలడం ఇక్కడ గమనించదగినది. తప్పు మాటదో చేతదో అయితే గురువుకో వివేకవంతుడైన సహచరుడికో చెప్పి, ఇకముందు జాగ్రత్తపడాలని సుత్తం చెబుతుంది. గుమస్తా అయితే మర్నాడు రైతుకు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పడం కూడా అవసరం.

దీఘ నికాయం అనే మరో సంకలనంలోని సిగాలోవాద సుత్తాన్ని ఇంటి పద్దుల పుస్తకం పక్కన పెట్టుకొని చదవవచ్చు. ఆరు దిక్కులకు మొక్కుతున్న సిగాలుడితో బుద్ధుడు తల్లిదండ్రులు, గురువులు, భార్యాబిడ్డలు, స్నేహితులు, పనివారు, శ్రమణులే ఆ ఆరు దిక్కులని అంటాడు. సంపాదనను నాలుగు భాగాలు చేసి, ఒకటి అనుభవానికి, రెండు వృత్తికి, ఒకటి ఆపద సమయానికి ఉంచాలనే మాట అందరూ చెప్పుకుంటారు గాని, పనివారి గురించి ఉన్న వాక్యాలను ఎవరూ పట్టించుకోరు. శక్తికి తగిన పని, తిండీ జీతమూ, జబ్బు చేస్తే సంరక్షణ, ఇంట్లో చేసుకున్న మంచి వంటలో వాటా, సకాలంలో సెలవు ఇవ్వాలని అక్కడ ఉంది. ఈ ఐదింటినీ ఒక కాగితం మీద రాసి, మన అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆమెకు గత నెలలో జ్వరం వచ్చినప్పుడు జీతం కోశామా లేదా అన్నది ఎదురుగా రాసుకుంటే ఆ రోజుకు చదువు పూర్తయినట్టే.

సంయుత్త నికాయంలోని సల్ల సుత్తం విషయంలో కొంత జాగ్రత్త అవసరం. శరీరానికి కలిగే బాధ మొదటి బాణమని, దాని గురించి కుమిలిపోవడం రెండో బాణమని, వివేకికి మొదటిదే తగులుతుందని అది చెబుతుంది. మనకు తగిలిన దెబ్బను పరిశీలించుకోవడానికి ఇది చక్కటి సాధనం. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో ఇల్లు మునిగి, సామాను పోగొట్టుకున్నవారి దగ్గరకు వెళ్లి ‘రెండో బాణం మీరే గుచ్చుకుంటున్నారు’ అనడం క్రూరత్వం. అటువంటి చోట తాగునీరూ అన్నం పొట్లాలూ పట్టుకెళ్లడమే చేయవలసిన పని.

చదవడానికి ఓపిక లేని రోజున శిల్పాన్ని చూడవచ్చు. అమరావతి స్తూపం నుంచి తరలిపోయి నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న నాళాగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు శాంతపరచిన కథ చెక్కిన ఫలకం ఫొటో సులభంగానే దొరుకుతుంది. ఒకే వృత్తంలో ఎడమవైపు వీధిలో బీభత్సం చేస్తున్న ఏనుగు, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు కనిపిస్తాయి. మేడ కిటికీల్లోంచి జనం చూస్తుంటారు. ఆ రోజు ఇంట్లోనో ఆఫీసులోనో జరిగిన గొడవను తలచుకొని, అందులో తాను ఏనుగుగా ఉన్నాడా, కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాడా అని పరిశీలించుకోవాలి. చాలా సందర్భాల్లో జవాబు కిటికీయే అవుతుంది.

నలుగురు కలిసి చదువుకునేటట్లయితే ఆదివారం ఉదయం అరగంట చాలు. ఒకరు గాథ చదవాలి. తర్వాత ప్రతివారూ ఆ వారంలో తమకు జరిగిన ఒక్క సంగతినే చెప్పాలి. ఇతరుల లోపాలను, వారు చేసినవీ చేయనివీ కాక తాను చేసినవీ చేయనివీ చూసుకోవాలని ధమ్మపదం 50వ గాథ చెబుతుంది. కనుక ఎవరైనా తోడికోడలి గురించో పై అధికారి గురించో మొదలుపెడితే, చదివేవారు మొహమాటపడకుండా తర్వాతి గాథ అందుకోవాలి.